మెదడులో చిప్ పెడితే అమ్మ మతిమరుపు పోతుందా?

యాంకర్: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా అమ్మకు 68 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ అడుగుతోంది. మెదడులో చిప్ పెడితే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

డాక్టర్: అది పూర్తిగా అబద్ధం కాదమ్మా. మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంది. చూసింది, విన్నది జ్ఞాపకంగా నిలవాలంటే అది పనిచేయాల్సిందే. అమెరికాలో వేక్ ఫారెస్ట్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల వాళ్లు 2018లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. మూర్ఛ ఎక్కడ పుడుతోందో కనిపెట్టడానికి అప్పటికే మెదడులో ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు సంకేతాలను పట్టే సన్నటి తీగలు, పెట్టి ఉన్న రోగులకు బొమ్మలు చూపించారు. బొమ్మ సరిగ్గా గుర్తున్నప్పుడు హిప్పోకాంపస్‌లో సంకేతాలు ఎలా నడిచాయో రికార్డు చేశారు. ఏ మనిషి సంకేతాలను ఆ మనిషికే సన్నటి కరెంటుగా తిరిగి అందించారు. గుర్తుంచుకోవడం దాదాపు 35 శాతం మెరుగైంది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

కాలర్: అయితే అమ్మకు కూడా...

డాక్టర్: ఇప్పుడు కాదమ్మా. అది కొత్త విషయం మనసుకు ఎక్కడానికి సాయపడింది. చెరిగిపోయిన జ్ఞాపకాలను వెనక్కి తేలేదు. పరీక్షించింది కూడా కొద్దిమంది మీదే. పైగా పుర్రె తెరవాలి. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. మతిమరుపుకు ఇది ఇంకా చికిత్సగా రాలేదు. డబ్బు కడితే చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. సరే, అమ్మకు థైరాయిడ్, విటమిన్ బీ12 పరీక్షలు చేయించారా?

కాలర్: లేదండీ. వయసు వల్లేమో అని ఊరుకున్నాం.

డాక్టర్: ఏడాది ఊరుకోకూడదమ్మా! ఆ రెండింట్లో ఏది తగ్గినా మతిమరుపు రావచ్చు, మందులతో చాలావరకు సర్దుకుంటుంది. దిగులు, నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చు. ఈ వారమే న్యూరాలజిస్టుకు చూపించండి. వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి. చెవులు బాగా వినిపిస్తాయా?

కాలర్: టీవీ సౌండ్ బాగా పెంచుకుంటుందండీ. గట్టిగా పిలిస్తేనే పలుకుతుంది.

డాక్టర్: చూశారా! మాట సరిగ్గా చెవిన పడకపోతే ఇక గుర్తుండేదేముంది? వినికిడి పరీక్ష కూడా చేయించండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ ఫోన్ చేయండి, మాట్లాడదాం.

కాలర్: రేపే తీసుకెళ్తానండీ.