మందు కొట్టే ముందు దుబ్బు వంచి చూశారా?

(చర్చలో పాల్గొన్నవారు: కీటక శాస్త్రవేత్త, పొలంబడులు నడిపిన విస్తరణాధికారి, ఎకరంన్నరలో వరి వేసే మహిళా రైతు)

వ్యాఖ్యాత: నమస్కారం. మందు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, మేలు చేసే పురుగుల్ని కాపాడుకుంటూ పైరును రక్షించుకునే పద్ధతే సమగ్ర సస్యరక్షణ. అది చిన్న రైతుకు నిజంగా అక్కరకొస్తుందా? అమ్మా, మీతోనే మొదలుపెడదాం. పైరులో పురుగు కనపడగానే ఏమనిపిస్తుంది?

మహిళా రైతు: భయమేస్తుందండి, ఇంకేముంటుంది! ఉన్నదే ఎకరంన్నర. అది పోతే ఏడాదంతా పోయినట్టే. అప్పిచ్చేదీ మందమ్మేదీ ఒక్కరే అయినప్పుడు, 'ఆగి చూడమ్మా' అని ఎవరు చెబుతారు?

శాస్త్రవేత్త: ఆ భయం వల్లే మొదటి మందు తొందరగా పడుతుంది. చిక్కంతా అక్కడే. వరి రసం పీల్చే సుడిదోమనే తీసుకోండి. అది కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగుల లోపల గుడ్లు పెడుతుంది. మందు కొడితే పైనున్న దోమ చస్తుంది, గుడ్లు మిగులుతాయి. దోమను తినే సాలీళ్లు, దాని గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులు మాత్రం చచ్చిపోతాయి. పొలంలో తిరిగే ఒక్క వేట సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. అది లేని మడిలో గుడ్లన్నీ పొదిగితే మందు కొట్టిన చోటే దోమ విరగబడుతుంది.

వ్యాఖ్యాత: ఇది ఒక దేశం మొత్తం మీద జరిగిందని విన్నాం.

శాస్త్రవేత్త: ఇండోనేషియాలో. పురుగుమందులకు ప్రభుత్వమే భారీగా రాయితీ ఇచ్చింది, దోమ పెరిగింది. 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరిలో 57 మందులు నిషేధించారు. తర్వాత రాయితీనీ దశలవారీగా ఎత్తేశారు.

వ్యాఖ్యాత: నిషేధిస్తే రైతు ఊరుకుంటాడా సార్?

విస్తరణాధికారి: ఊరుకోడు. చేతిలోంచి మందు లాక్కుని వేరే దారి చూపకపోతే అన్యాయమే కదా. అందుకే 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ పొలంబడులు మొదలయ్యాయి. పాతిక మంది దాకా రైతులు పంటకాలమంతా వారానికోసారి పొలంలోనే కూర్చుంటారు. నేనూ అలాంటి బడులు నడిపాను. లేత పైరులో కొన్ని దుబ్బుల ఆకులు కావాలనే కత్తిరించమంటాం. మొదట్లో ఎవరికీ చెయ్యి ఆడదు. కొన్నాళ్లకు అవే దుబ్బులు కొత్త పిలకలు వేసి తేరుకుంటాయి. ఆకు తిన్న పురుగల్లా దిగుబడి తినదని అప్పుడు నమ్ముతారు.

మహిళా రైతు: నాకు నమ్మకం కుదిరింది సీసాతో. సాలీడునీ నాలుగు దోమల్నీ సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి పెట్టాం. తెల్లారేసరికి రెండే దోమలు. అప్పటిదాకా సాలీడును కూడా శత్రువే అనుకుని చంపాను. ఎన్నేళ్లు చంపానో తల్చుకుంటే బాధేసింది.

వ్యాఖ్యాత: ఆఫ్రికాలో మొక్కజొన్నకు మరో పద్ధతి ఉంది కదా?

శాస్త్రవేత్త: కెన్యాలో ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థ రూపొందించింది. సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క వేస్తారు, దాని వాసన కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగులకు పడదు. గట్ల వెంబడి నేపియర్ గడ్డి వాటిని రప్పిస్తుంది. అక్కడ గుడ్లు పెడతాయి, కానీ గడ్డి జిగురులో పిల్ల పురుగులు చాలావరకు బతకవు. డెస్మోడియం స్ట్రైగా కలుపునూ అణుస్తుంది.

మహిళా రైతు: ఆ రెండూ పశువులకు మేతే కదా? అయితే రైతులు వేస్తారు. పురుగు కోసమే అంటే ఆలోచిస్తారు.

శాస్త్రవేత్త: సరిగ్గా చెప్పారమ్మా. విత్తనం దొరకడమే కొన్ని చోట్ల అడ్డంకి. ఇంకో మాట కూడా అనాలి. అన్నీ రైతు నెత్తిన పెట్టకూడదు. ఆఫ్రికాలో కర్రపెండలానికి పిండినల్లి పట్టినప్పుడు, దాన్ని చంపే చిన్న కందిరీగలను పరాగ్వే నుంచి తెచ్చి 1981 నుంచి వదిలారు. రైతు మందు కొట్టే పని లేకుండానే చాలా దేశాల్లో అది అదుపులోకొచ్చింది. ఆ పని నడిపిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అలాంటి పని ప్రభుత్వాలే చెయ్యాలి.

మహిళా రైతు: మరి నేను ఆగితే, పక్కాయన కొడితే?

విస్తరణాధికారి: మీ సాలీళ్లూ పోతాయి. అందుకే ఒక్కరికి చెప్పి లాభం లేదు. చుట్టుపక్కల పొలాలన్నిటికీ కలిసి నిర్ణయించుకోవాలి. గట్టు అవతలి వాళ్లతో మాట్లాడించడం మా పనే, దాన్ని మేం సరిగా చెయ్యలేదు.

మహిళా రైతు: ఎకరంన్నరా వదిలెయ్యమంటే నా వల్ల కాదండి. ఒక మడి వదిలి చూస్తాను.

శాస్త్రవేత్త: చాలమ్మా. గాలి వచ్చే వైపు మడి ఎంచుకోండి, పక్క మందు దాని మీద పడకూడదు. వారానికోసారి ఇరవై దుబ్బులు మొదలు దాకా వంచి చూడండి. దోమలెన్ని, సాలీళ్లెన్ని, రెండు గళ్లు గీసి రాసుకోండి. దోమ పెరుగుతూ సాలీళ్లు పెరగకపోతే ఆ రోజే మాకు చెప్పండి. మందు కొట్టాల్సిన వారం వస్తే, కొట్టమనే చెబుతాం.