"తాగలేదని పిల్ల మీద ఒట్టేశాడు సార్"

యాంకర్: చౌటుప్పల్ దగ్గరి ఒక ఊరి నుంచి ఫోన్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా ఆయన మందుల కంపెనీలో హెల్పర్. పదిహేను రోజుల నుంచి నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి తల పగిలిపోతోందంటాడు, వాంతి వచ్చినట్టుంటుందంటాడు, నడిస్తే తూలుతాడు. తాగొచ్చాడనుకుని గొడవ కూడా పెట్టుకున్నా. తాగలేదని పిల్ల మీద ఒట్టేశాడు సార్.

డాక్టర్: నిజమే చెప్పి ఉంటాడమ్మా. పక్కనే ఉంటే ఫోన్ ఇవ్వండి.

భర్త: నమస్తే సార్. సెంట్రిఫ్యూజ్ దగ్గర నా పని, గిర్రున తిప్పి పౌడర్‌ని ద్రవం నుంచి వేరు చేసే మిషన్ అది. మూత తీసి, వంగి, తడి పౌడర్ తోడి సంచుల్లో నింపుతాం. ఎం.డి.సి. వాసన గుప్పున కొడుతుంది. మొదట్లో బాగా తెలిసేది, ఇప్పుడు అంత తెలియట్లేదు.

డాక్టర్: వాసన తగ్గలేదు తమ్ముడూ, నీ ముక్కు అలవాటు పడింది. ఎం.డి.సి. అంటే మిథిలీన్ డైక్లోరైడ్, క్లోరిన్ ఉన్న సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం. 40 డిగ్రీలకే మరుగుతుంది, మన నల్లగొండ ఎండలకి అదెంత లేచిపోతుందో నువ్వే చూస్తుంటావు. ఆ ఆవిరి గాలి కంటే దాదాపు మూడింతలు బరువు కాబట్టి కిందికి దిగి, నువ్వు వంగే చోటే నిలుస్తుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ ఓషా 8 గంటల డ్యూటీకి పెట్టిన పరిమితి 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు. మామూలుగా వాసన తెలిసేది అంతకంటే చాలా ఎక్కువ ఉన్నప్పుడే. అంటే వాసన వచ్చిందంటే అప్పటికే హద్దు దాటినట్టు.

భర్త: కంపెనీ ఫస్ట్ ఎయిడ్ రూంలో వేలికి మిషన్ పెట్టి చూశారు సార్. ఆక్సిజన్ 98 ఉంది, ఏం కాలేదు పొమ్మన్నారు.

డాక్టర్: నాకు బాధ కలిగేది ఇక్కడే. ఎం.డి.సి. ఒంట్లోకి పోయాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే గ్యాస్ అదే. అది రక్తంలో ఆక్సిజన్ చోటుని ఆక్రమిస్తుంది, ఆ వేలి మిషన్‌కి రెండిటికీ తేడా తెలియదు, 98 అనే చూపిస్తుంది. పైగా డ్యూటీ దిగాక కూడా ఒంట్లో ఆ గ్యాస్ కొన్ని గంటలు తయారవుతూనే ఉంటుంది. గుండె జబ్బున్నవాళ్లకి ఇంకా ప్రమాదం. బీడీ తాగుతావా?

భర్త: రోజుకో కట్ట సార్.

డాక్టర్: దాంట్లోనూ అదే గ్యాస్, ముందు అది మానెయ్యి. చేతులకి అంటిన పౌడర్ పోవడానికి ఎం.డి.సి.తో కడుక్కుంటారా?

భర్త: అందరం అంతే సార్, సబ్బుతో పోదు.

డాక్టర్: వద్దు తమ్ముడూ, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. మామూలు రబ్బరు గ్లౌజుల్లోంచి నిమిషాల్లో దిగుతుంది, ఫిల్టర్ డబ్బా ఉండే క్యాట్రిడ్జ్ మాస్క్ కూడా దీన్ని ఎక్కువసేపు ఆపలేదు, బయటి నుంచి గాలి పైపు వచ్చే మాస్క్ కావాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2ఎ గ్రూపులో పెట్టింది, అంటే మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ఈ రూల్ చేర్చారు: ఏ కెమికల్‌తో ఏం ప్రమాదమో కంపెనీ మీకు చెప్పాలి, మీ హెల్త్ రికార్డు మీరు అడిగితే చూపించాలి. ఒక్కడివే అడగకు, షిఫ్టు వాళ్లంతా కలిసి రాసివ్వండి.

కాలర్: సార్, నేనే. ఈ రాత్రి కూడా డ్యూటీ ఉంది, పంపాలా?

డాక్టర్: పంపొద్దమ్మా. పొద్దున ఎన్నింటికి దిగాడు?

కాలర్: ఆరింటికి.

డాక్టర్: ఇప్పుడు పదిన్నర. లేటయ్యే కొద్దీ రక్తంలో ఆ గ్యాస్ తగ్గిపోతుంది, టెస్టులో పట్టుబడదు. వెంటనే పెద్దాసుపత్రికి బయలుదేరండి, రక్తంలో ఆ గ్యాస్ ఎంతుందో చెప్పే కార్బాక్సీ హీమోగ్లోబిన్ టెస్ట్ చెయ్యమని అడగండి, ఎం.డి.సి. దగ్గర పని అని మొదటే చెప్పండి. దారిలో ఛాతీలో నొప్పి గానీ, మగత గానీ వస్తే 108కి చెయ్యండి. ఇక ఫోన్ పెట్టెయ్యండమ్మా, బయలుదేరండి.