స్క్రాచ్‌లో మొదటి గంట: బ్లాకులు అతుక్కున్నాక మొదలయ్యే చిక్కులు

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

స్క్రాచ్ అంటే రంగు బ్లాకులను అతికించి ప్రోగ్రాములు రాసే భాష. దాన్ని తెరిచిన ఐదు నిమిషాల్లో తెర మీది పిల్లి కదులుతుంది. ఎడమవైపు నుంచి నీలం రంగు "మూవ్ 10 స్టెప్స్" బ్లాకును లాగి మధ్యలో వదిలి, దాని మీద ఒక్కసారి నొక్కితే చాలు. "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. ఇంకాసేపటికి అదే పిల్లి తలకిందులుగా నడుస్తుంది, ఒక్క పండు పట్టుకుంటే స్కోరు పదో పదిహేనో పెరుగుతుంది, బాణం మీట నొక్కితే ఏమీ జరగదు. ఎక్కడా ఎర్ర గీత ఉండదు, తప్పు అన్న సందేశమూ రాదు. ఈ రెండో దశ గురించే ఈరోజు మాట్లాడుకుందాం. పిల్లలు విసుగెత్తి వదిలేసేది ఇక్కడే కాబట్టి.

ముందు నేపథ్యం రెండు ముక్కల్లో. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసిన స్క్రాచ్ 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు మనం వాడే 3.0 వెర్షన్ 2019 జనవరిలో వచ్చింది. ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ ప్లగిన్‌ను వదిలేసింది కాబట్టి మామూలు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నెట్ నిలకడగా లేని ల్యాబుల్లో ఆఫ్‌లైన్ యాప్ వేసుకోవడం మేలు. కానీ అది దానంతటది సేవ్ చేయదు. కరెంటు పోతే పని పోయినట్టే. గంట కొట్టేముందు కాదు, పది నిమిషాలకోసారి ఫైల్ మెనూలోంచి సేవ్ చేయించండి.

ఇక బ్లాకుల ఆకారం. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. నిజానికి స్క్రాచ్ వ్యాకరణమంతా ఆ ఆకారాల్లోనే ఉంది. "ఇఫ్" బ్లాకులో ఖాళీ గడికి ఆరు మూలలుంటాయి. అవును-కాదు అని జవాబిచ్చే బ్లాకులే అందులో పడతాయి. సంఖ్యనిచ్చే గుండ్రటి బ్లాకును ఎంత తోసినా అది వెళ్లదు. "ఫరెవర్" బ్లాకు అడుగు భాగం నున్నగా ఉంటుంది. దాని కింద ఏదీ అతకదు, ఎందుకంటే ఎప్పటికీ ఆగని లూపు (పదే పదే నడిచే భాగం) తర్వాత ఏం పెట్టినా దాని వంతు రాదు. "సార్, ఇది అతుక్కోవట్లేదు" అని పిల్లవాడు అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. ఎందుకు అతుక్కోవట్లేదో వాడినే చెప్పనివ్వండి. మొదటి గంటలో ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

లాగడంలో చిన్న ఇబ్బందులు రెండు మూడున్నాయి. మధ్యలో ఉన్న బ్లాకును పట్టి లాగితే, రైలు పెట్టెల్లా దాని కిందివన్నీ వెంట వస్తాయి. ఒక్కటే కావాలంటే ముందు కింది భాగాన్ని పక్కకు తీసిపెట్టి, ఆ ఒక్కదాన్ని తీసి, మళ్లీ అతికించాలి. పొరపాటున చెరిపేస్తే కంట్రోల్-జెడ్ పనిచేస్తుంది. స్ప్రైట్‌నే (పిల్లి లాంటి కదిలే బొమ్మనే) తీసేస్తే మాత్రం ఎడిట్ మెనూలో "రీస్టోర్ స్ప్రైట్" నొక్కాలి. ఇంకొకటి, "మోషన్ బ్లాకులన్నీ మాయమయ్యాయి" అనే ఫిర్యాదు. కింద కుడివైపు స్ప్రైట్‌కు బదులు స్టేజ్ (బొమ్మలు ఆడే వేదిక) ఎంపికై ఉంటుంది. స్టేజ్ కదలదు, అందుకే దానికి మోషన్ బ్లాకులు ఉండవు. స్ప్రైట్ బొమ్మ మీద నొక్కితే తిరిగొస్తాయి.

పిల్లి తలకిందులవడానికి కారణం దిశ. స్క్రాచ్‌లో 90 అంటే కుడి, -90 అంటే ఎడమ, 0 అంటే పైకి. "ఇఫ్ ఆన్ ఎడ్జ్, బౌన్స్" గోడకు తగిలిన పిల్లిని 90 నుంచి -90కి తిప్పుతుంది. బొమ్మ కూడా సగం చుట్టు తిరిగి కాళ్లు పైకొస్తాయి. "సెట్ రొటేషన్ స్టైల్ లెఫ్ట్-రైట్" ఒక్కటి పైన పెడితే సరిపోతుంది.

బాణం మీట పనిచేయకపోవడం ఇంకాస్త లోతైన విషయం. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే పచ్చ జెండా కింద "ఇఫ్ కీ ప్రెస్‌డ్" పెట్టి పిల్లలు ఎదురుచూస్తారు. జెండా నొక్కిన క్షణంలో ఆ ప్రశ్న ఒక్కసారే అడగబడింది, అప్పటికి మీట మీద వేలు లేదు, ప్రోగ్రామ్ ముగిసింది. దాన్ని "ఫరెవర్" లోపల పెట్టాలి. "వెన్ కీ ప్రెస్‌డ్" అనే పసుపు బ్లాకుతోనూ పని జరుగుతుంది గానీ, మీట నొక్కిపట్టి ఉంచితే ఒక అడుగు వేసి, కాస్త ఆగి, ఆ తర్వాత వరసగా కదులుతుంది. టైపింగ్‌లో ఒకే అక్షరం నొక్కిపట్టినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఆటలకు "ఫరెవర్" పద్ధతే నయం.

ఇప్పుడు ఒక ఆట కడదాం. స్క్రాచ్ లైబ్రరీలో ఆపిల్, బౌల్ అనే స్ప్రైట్లున్నాయి. ఆ రెండూ చాలు. స్టేజ్ వెడల్పు 480, ఎత్తు 360, నట్టనడుమ సున్నా. అంటే ఎక్స్ (అడ్డం) -240 నుంచి 240 దాకా, వై (నిలువు) -180 నుంచి 180 దాకా. బౌల్‌ను వై -140 దగ్గర పెట్టి, ఎడమ బాణానికి "చేంజ్ ఎక్స్ బై -10", కుడి బాణానికి 10 ఇవ్వండి. ఆపిల్‌కు జెండా కింద ముందు "సెట్ స్కోర్ టు 0", ఆ తర్వాత ఒక ఫరెవర్. అందులో మొదట "గో టు" బ్లాకు: ఎక్స్ గడిలో "పిక్ రాండమ్ -220 టు 220", వై గడిలో 180. తర్వాత "రిపీట్ అంటిల్": బౌల్‌ను తాకేదాకా, లేదా వై -160 కంటే తగ్గేదాకా. లోపల "చేంజ్ వై బై -5". లూపు బయటికి వచ్చాక, బౌల్‌ను తాకి ఉంటే స్కోరుకు 1 కలపాలి. స్క్రాచ్ సెకనుకు 30 సార్లు తెరను మారుస్తుంది. కాబట్టి పండు పైనుంచి కిందికి రావడానికి రెండు సెకన్లు దాటుతుంది. -5ను -8 చేస్తే ఆట ఎంత కష్టమవుతుందో పిల్లలచేత ముందే లెక్క కట్టించవచ్చు.

స్కోరు లెక్క లూపు బయటే ఎందుకుండాలి? పండు పడుతుండగా ప్రతి అడుగులోనూ "తాకిందా" అని అడిగి ఒకటి కలిపితే, గిన్నెలో దిగుతున్నంతసేపూ, సెకనుకు 30 చొప్పున స్కోరు పెరుగుతూనే ఉంటుంది. పదీ పదిహేనూ వచ్చేది అందుకే. -160 అంకెకూ కారణముంది. స్క్రాచ్ ఏ స్ప్రైట్‌నూ పూర్తిగా తెర దాటనివ్వదు, కొంచెం అంచు లోపలే ఉంచుతుంది. "పూర్తిగా కిందికి పోయాక" అనుకుని షరతులో -250 రాస్తే పండు అడుగున ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఆ షరతు ఎన్నటికీ నెరవేరదు.

జెండా నొక్కితే అంతా మొదటికి వస్తుందనుకోవడం మరో భ్రమ. స్ప్రైట్ ఉన్న చోటు, సైజు, కాస్ట్యూమ్ (రూపం), దాగి ఉందా లేదా, వేరియబుల్ (స్కోరు లాంటి మారే అంకె) విలువ, ఇవన్నీ పోయిన ఆటలో ఎలా ఆగాయో అలాగే ఉంటాయి. "హైడ్" వాడిన ప్రతి స్ప్రైట్‌కూ మొదట్లో "షో" రాయించండి. రెండు స్ప్రైట్లలో రెండు జెండాలుంటే ఏది ముందు నడుస్తుందన్న దాని మీద ఆధారపడొద్దు. అన్ని వేరియబుల్స్‌నూ ఒకేచోట సున్నా చేసి, "బ్రాడ్‌కాస్ట్"తో మిగతావాటికి కబురు పంపడం పద్ధతి. క్లోన్లు (స్ప్రైట్ నకళ్లు) వాడేవారు గుర్తుంచుకోవాల్సింది: ప్రాజెక్టు మొత్తానికి 300 దాకానే. పని అయిపోయిన క్లోన్‌ను "డిలీట్ దిస్ క్లోన్"తో తీసేయకపోతే కాసేపటికి కొత్త పండ్లు రాలడం ఆగిపోతుంది.

ఆఖరుగా తెలుగులో ఆడించాలనుకునేవారికి ఒక మాట. "సే" బ్లాకులో తెలుగు రాయవచ్చు. చిక్కంతా "లెంగ్త్ ఆఫ్", "లెటర్ ఆఫ్" బ్లాకుల దగ్గర. అవి మనం పలికే అక్షరాలను లెక్కపెట్టవు, లిపుల గుర్తులకు అంకెలిచ్చే యూనికోడ్‌లో విడివిడిగా దాచిన గుర్తులను లెక్కపెడతాయి. "అమ్మ" పొడవు 2 కాదు, 4 వస్తుంది: అ, మ, పొల్లు, మళ్లీ మ. "వికటకవి"ని ఒక్కో గుర్తు చొప్పున వెనక్కి పేర్చే ప్రోగ్రామ్ రాస్తే ముందు ఒంటరి గుడి వస్తుంది, తర్వాత వ, క, ట, కి, వ. ఎటు చదివినా ఒకటే అని పిల్లలకు చెప్పిన మాట ఒకటే కాదని కంప్యూటర్ తేలుస్తుంది! పదం దాచి అక్షరాలు ఊహించమనే ఆటలూ ఇలాగే బెడిసికొడతాయి. దారి ఒకటుంది. పదాన్ని పదంగా కాక లిస్టుగా ఇవ్వండి: వి, క, ట, క, వి. ఐదు అంశాలు. ఒకటో అంశాన్ని ఐదోదానితో, రెండోదాన్ని నాలుగోదానితో పోల్చమనండి. జవాబు సరిగ్గా వస్తుంది.