కుందేలు చెప్పే లెక్క: ఉత్తరాది మంచులో లింక్స్ వేట

నమస్కారం. ముందుగా తెరపై ఉన్న ఈ గీతను ఒక్క క్షణం పరిశీలించండి. 1821లో 269 దగ్గర మొదలై, 1828 నాటికి 5943కు ఎగబాకి, ఆపై నాలుగేళ్లకే, అంటే 1832లో, 98కి పడిపోయిన ఈ గీత ఏ కంపెనీ షేరు ధరదో కాదు. కెనడా వాయవ్య మూలన, మెకంజీ నది పరిసరాల్లో ఏటా ఉచ్చుల్లో పడి, తోళ్లుగా మారి, బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ పద్దుల్లోకి ఎక్కిన లింక్స్ అనే అడవి పిల్లుల లెక్క ఇది. డేటా సైన్సు చదువుకున్న మన తెలుగు పిల్లలలో చాలామందికి ఈ అంకెలు కొత్తవి కావు. ఆర్ అనే గణాంక భాషలో లింక్స్ అని టైపు చేస్తే చాలు, 1821 నుంచి 1934 వరకు 114 ఏళ్ల అంకెలు వరుసకట్టి నిలబడతాయి. ఆ వరుసలో ప్రతి అంకె వెనుకా, మైనస్ నలభై డిగ్రీల చలిలో మనుషులు నడిచిన దారులు ఉన్నాయన్న సంగతి మాత్రం ఆ పాఠంలో ఉండదు. ఈ రోజు ఆ దారుల గురించి మాట్లాడుకుందాం.

మన అడవుల్లో లేని జంతువు కనుక దీనికి మన భాషలో వాడుక పేరు లేదు; నేను లింక్స్ అనే అంటాను. మన దేశంలో దీని దాయాది ఒకటి లడఖ్ కొండల్లో ఉంది, దానిని వేటాడడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కెనడా లింక్స్ చూపులకు పెద్దదిగా కనిపిస్తుంది గానీ, ఆ దట్టమైన బొచ్చు తీసేస్తే తూకానికి సాధారణంగా 8 నుంచి 11 కిలోలే తూగుతుంది. చెవుల కొసన నల్లటి కుచ్చులు, సిరాలో ముంచి తీసినట్టు కొస నల్లబడిన పొట్టి తోక, ముందు కాళ్లకంటే పొడవైన వెనుక కాళ్లు దీని గుర్తులు. అన్నిటికంటే ముఖ్యమైనవి పాదాలు. శరీరంతో పోలిస్తే చాలా వెడల్పుగా, అడుగున కూడా బొచ్చుతో ఉండే ఆ పాదాల వల్ల, మనిషి నడుము లోతున కూరుకుపోయే మెత్తటి మంచు మీద ఇది తేలికగా నడిచిపోతుంది. దీని ఆహారమైన స్నోషూ కుందేలుకు కూడా అలాంటి పెద్ద పాదాలే ఉన్నాయి. ఎండాకాలం గోధుమరంగులో ఉండి, చలికాలం వచ్చేసరికి తెల్లగా మారిపోయే కుందేలు అది. లింక్స్ బతుకు ఎంతగా ఆ ఒక్క కుందేలు మీద ఆధారపడి ఉందంటే, కుందేళ్లు లేని ఏడాది దానికి మన మెట్ట రైతుకు వాన లేని ఏడాది లాంటిది.

ఇక వేటగాడి దారి సంగతి. దీనిని ట్రాప్‌లైన్ అంటారు, మనం ఉచ్చుల దారి అందాం. ఉదాహరణకు కెనడాలోని యూకాన్ ప్రాంతాన్ని తీసుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా వైశాల్యంలో దానికంటే చాలా చిన్నవి. అక్కడి జనాభా మాత్రం 2021 జనగణనలో 40 వేల పైచిలుకు, అంటే మన దగ్గర ఒక చిన్న పట్టణమంత. అంత విశాలమైన అడవిలో ఒక్కో వేటగాడికి లేదా ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్రాంతం నమోదై ఉంటుంది, అందులో ఉచ్చు పన్నే హక్కు వారిదే. కెనడాలోనే ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఈ నమోదు పద్ధతి 1926లోనే మొదలైంది, యూకాన్‌లో 1950 ప్రాంతంలో వచ్చింది. బొచ్చు ధరలు పెరిగినప్పుడల్లా బయటివారు వచ్చి, దొరికినదంతా ఊడ్చుకుని, మరో లోయకు వెళ్లిపోయేవారు కనుక, ఈ నేల నాది అనుకునే మనిషికి అప్పగిస్తే అతడు విత్తనపు గింజలు వండుకు తినడన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే తరతరాలుగా ఆ నేల మీదే వేటాడిన ఆదివాసీ కుటుంబాలు, తమ తాతల దారికి తామే కాగితం తెచ్చుకోవలసి వచ్చిందన్న బాధ కూడా అందులో ఉంది. ఆ కాగితం పరాయివారి చేతికి వెళ్లిన చోట్లా ఉన్నాయి.

నవంబరులో నదులు గడ్డకట్టాక పని మొదలవుతుంది. ఒకప్పుడు కుక్కల బండి, ఇప్పుడు మంచు మీద నడిచే మోటారు బండి, స్నోమొబైల్. దారి పొడవునా, ఒక రోజు ప్రయాణానికి ఒకటి చొప్పున, దుంగలతో కట్టిన చిన్న గుడిసెలు ఉంటాయి. డిసెంబరు మూడో వారానికి యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లోనే పగలు సుమారు అయిదున్నర గంటలే, ఇంకా ఉత్తరానికి వెళ్లినకొద్దీ అదీ ఉండదు; అందువల్ల వెళ్లడం, ఉచ్చులు చూడడం, తిరిగి పన్నడం, చీకటి పడేలోగా పొయ్యి వెలిగించుకోవడం అన్నీ ఆ కొద్దిపాటి వెలుతురులోనే జరగాలి. చలికంటే వీరు ఎక్కువగా భయపడేది నీటికి. నది మీద పేరుకున్న గడ్డ పగిలి, అడుగునుంచి పైకి ఉబికిన నీరు మెత్తటి మంచు కింద గడ్డకట్టకుండా దాగి ఉంటుంది. అందులో కాలు తడిసిన మనిషికి నిప్పు రాజేసుకోవడానికి ఎక్కువ సమయం ఉండదు.

ఉచ్చు పన్నడంలో ఉన్న తెలివి ముక్కుకంటే కంటికే ఎక్కువ సంబంధించినది. తోడేలు ఇనుము వాసన, మనిషి వాసన పసిగట్టి దూరంగా చుట్టుతిరిగి పోతుంది. లింక్స్‌కు ఆ పట్టింపు లేదు. అది పిల్లి, కళ్లతోనూ చెవులతోనూ వేటాడుతుంది, ఏదైనా కదిలితే దగ్గరకు వెళ్లి చూడకుండా ఉండలేదు. అందుకే వేటగాడు ఒక కొమ్మకు దారం కట్టి, దానికి పక్షి రెక్కనో, తళతళలాడే రేకు ముక్కనో వేలాడదీస్తాడు, గాలికి అది ఊగుతూ ఉంటుంది. దాని కింద స్ప్రూస్ చెట్టు రెమ్మలతో చిన్న పాకలాంటిది అల్లి, వెనుక వైపు మూసి, లోపల బీవర్ అనే నీటి జంతువు గ్రంథుల నుంచి తీసిన ఘాటైన పదార్థంలో క్యాట్‌నిప్ కలిపి పూస్తాడు. క్యాట్‌నిప్ అంటే, పెంపుడు పిల్లులు వాసన చూసి ఒళ్లు మరిచి నేల మీద దొర్లే ఆ మొక్కే. పాక వాకిలిలో తీగ ఉచ్చు వేలాడుతుంది, లేదా మంచు కింద కాలిని పట్టే ఇనుప దవడల బోను ఉంటుంది. దవడల బోను పెట్టేచోట ముందూ వెనుకా చిన్న పుల్లలు అడ్డంగా పెడతారు. పుల్ల మీద అడుగు వేయడం పిల్లికి ఇష్టం ఉండదు కనుక, దాటి సరిగ్గా మధ్యలోనే పాదం మోపుతుంది. ఒక జంతువు నడకను అంత దగ్గరగా గమనించినవాడే దానిని పట్టగలడు.

ఇక్కడ నేను మాట దాటవేయదలచుకోలేదు. దవడల బోనులో పడ్డ లింక్స్ తరచుగా పెద్దగా పెనుగులాడకుండా ముడుచుకుని కూర్చుంటుంది, అది చూసి బాధ లేదనుకోవడం మనిషికి సులువు. కానీ నెత్తురు సరిగా ఆడని ఆ పాదం గడ్డకట్టే చలిలో గంటల తరబడి ఉంటే ఏమవుతుందో ఊహించడానికి వైద్యం చదవనక్కరలేదు. యూరోపియన్ యూనియన్ 1991లోనే ఈ దవడల బోనులను తన దేశాల్లో నిషేధిస్తూ, వాటిని వాడే దేశాల నుంచి బొచ్చు దిగుమతిని కూడా అడ్డుకోవాలని చట్టం చేసింది. ఆ ఒత్తిడి ఫలితంగానే 1997లో కెనడా, రష్యాలతో మానవీయ ఉచ్చుల ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం లింక్స్‌ను చంపే ఉచ్చు ఏదైనా, పరీక్షించిన జంతువులలో కనీసం 80 శాతం 300 సెకన్లలోపు స్పృహ కోల్పోయేలా చేయాలి. మానవీయం అన్న మాట పక్కన అయిదు నిమిషాలన్న అంకెను చదివినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అయినా అంతకుముందు అడగడానికి ఆ అంకె కూడా లేదన్నది నిజం. ప్రాణంతో పట్టే ఉచ్చులను 72 గంటలకొకసారి, చంపే ఉచ్చులను 14 రోజులకొకసారి చూడాలని బ్రిటిష్ కొలంబియా నియమం చెబుతుంది. వందల కిలోమీటర్ల దారికి ఇదే కష్టమని వేటగాళ్లు అంటారు, మూడు రోజులు ఎక్కువని నేను అంటాను. మన పల్లెల్లో అడవిపందుల కోసం క్లచ్ వైరుతో ఉచ్చు పన్ని, అందులో చిరుతో పులో చిక్కుకుని చనిపోయిన వార్తలు చదివేవాళ్లం కనుక, తీగ ఉచ్చు ఎవరిని పట్టాలో తనంతట తాను ఎంచుకోదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ గీత దగ్గరకు వద్దాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. చార్లెస్ ఎల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1925 నుంచి కొన్నేళ్లు హడ్సన్స్ బే కంపెనీకి సలహాదారుగా పనిచేశాడు. వ్యాపారం కోసం గుమాస్తాలు రాసుకున్న తోళ్ల పద్దులు ఆయన కంటికి అడవి నాడిలా కనిపించాయి. మేరీ నికల్సన్‌తో కలిసి 1942లో ప్రచురించిన పరిశోధనలో, లింక్స్ సంఖ్య సుమారు పదేళ్లకొకసారి పెరిగి పడిపోతున్నదని ఆ పద్దుల నుంచే చూపించాడు. 1866లో 6721, 1885లో 4431, మరి నాలుగేళ్లకు 39, తిరిగి 1904లో 6991. కుందేళ్లు పెరుగుతాయి, ఒకటి రెండేళ్లు వెనుకగా లింక్స్ పెరుగుతుంది. కుందేళ్లు కూలిపోతాయి, వాటి వెంట లింక్స్ కూలిపోతుంది.

దీనికి ఒక సరదా మలుపు కూడా ఉంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించే కుందేలు, లింక్స్ జంట గీతలను 1973లో మైకేల్ గిల్పిన్ అనే శాస్త్రవేత్త సమీకరణాలలో పెట్టి చూస్తే, కొన్నిచోట్ల వరుస తిరగబడి, కుందేళ్లే లింక్స్‌ను తింటున్నట్టు లెక్క తేలింది. పద్దులో ఉన్నది అడవిలోని జంతువుల సంఖ్య కాదు, మనిషి తెచ్చి అమ్మిన తోళ్ల సంఖ్య. పైగా రెండు గీతల అంకెలూ ఒకే ప్రాంతానివి కావు. మరి కుందేళ్లు ఎందుకు కూలుతాయి? యూకాన్‌లోని క్లువానీ వద్ద చార్లెస్ క్రెబ్స్ బృందం 1986 నుంచి పదేళ్లు ప్రయోగం చేసింది. అడవిలో గుర్తించిన కొన్ని చదరపు భాగాలలో కుందేళ్లకు అదనపు మేత వేశారు, సంఖ్య సుమారు మూడింతలయింది. కొన్నిటికి కంచె కట్టి వేటాడే జంతువులను ఆపారు, రెండింతలయింది. రెండూ కలిపి చేసిన చోట పదకొండింతలయింది. అంటే మేత ఒక్కటే కాదు, పిల్లి ఒక్కటే కాదు, రెండూ కలిసి ఆడించే ఆట ఇది.

వేటగాడికి ఈ చక్రంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది కుందేళ్లు అప్పుడే తగ్గడం మొదలైన సంవత్సరం. ఆకలిగొన్న లింక్స్ ఎక్కువ దూరం తిరుగుతుంది, కొన్నయితే వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లిన దాఖలాలున్నాయి. ఎక్కువగా తిరిగేది ఎక్కువగా ఉచ్చులో పడుతుంది. కనుక అడవిలో కూనలు పుట్టడం ఆగిపోయిన ఏడాది కూడా వేటగాడి గుడిసెలో తోళ్లు నిండుగానే ఉంటాయి, అతడు పంట బాగుందని భ్రమపడతాడు. 1980లలో జరిగింది దాదాపు ఇదే. పొడవైన బొచ్చుకు ఫ్యాషన్ పెరిగి, ఒక్కో లింక్స్ తోలుకు వందల డాలర్లు పలికిన రోజులు, సంఖ్య పడిపోతున్న రోజులూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ తోలులో అందరూ కోరేది వీపు కాదు, తెలుపు మీద నల్లటి చుక్కలున్న పొట్టభాగం. గ్రీసులోని కస్టోరియా పట్టణంలో తరాలుగా బొచ్చు కుట్టే కుటుంబాల చేతికి అలాంటి సరుకే చేరుతుంది. అలాస్కా అధికారులు ఆ అనుభవం తర్వాత, కుందేళ్లు కూలిన ఏళ్లలో వేటకాలాన్ని కుదించి లేదా మూసివేసి, పెరిగిన ఏళ్లలో తెరిచే పద్ధతికి మళ్లారు. అలాస్కాకు దక్షిణాన ఉన్న అమెరికా రాష్ట్రాలలో 2000 సంవత్సరం నుంచి లింక్స్ ముప్పులో ఉన్న జాతిగా చట్టరక్షణ పొందుతోంది. ఈ బొచ్చు దేశం దాటాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రం తప్పనిసరి.

1670లో రాజు ఇచ్చిన పట్టాతో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ తన చివరి దుకాణాలను 2025లో మూసివేసింది. ఆ పద్దులు రాసేవారు ఇప్పుడు లేరు, కానీ లెక్క ఆగలేదు. వేటగాళ్లు తెచ్చే తోళ్ల పొడవు కొలిచి, అందులో ఆ ఏడాది పుట్టిన కూనలవి ఎన్నో అధికారులు లెక్కిస్తారు. కుందేళ్లు సమృద్ధిగా ఉన్నప్పుడు తల్లికి నాలుగైదు కూనలు పుడతాయి, తోళ్లలో పొట్టివి చాలా కనిపిస్తాయి; కరువులో పుట్టినవి బతకవు, తోళ్లన్నీ ఒకే పొడవు ఉంటాయి. నేర్పున్న వేటగాడు కొలబద్ద కోసం ఎదురుచూడడు. ఫిబ్రవరి చివరిలో దారి మూసేటప్పుడు ఉచ్చులన్నీ విప్పి, తీగలు చుట్టి, గుడిసె దూలానికి వేలాడదీసి, తిరుగు ప్రయాణంలో మంచు మీద ఎన్ని కుందేలు బాటలు తన దారిని అడ్డంగా దాటాయో లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్క పలచబడిన ఏడాది, వచ్చే నవంబరులో ఆ తీగలలో సగం దూలం మీదే ఉండిపోతాయి.