వాపు లేని రెండో మోకాలు

శ్రోతలకు నమస్కారం.

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి. గ్లాసు పట్టుకోవడం కష్టం. ఎక్స్‌రే తీయిస్తే అంతా నార్మల్ అంటారు. హమ్మయ్య అనుకుని ఇంటికి వచ్చేస్తారు. వేళ్లు మాత్రం మర్నాడూ బిగుసుకుంటాయి.

ఎక్స్‌రే చూపించేది ఎముకని. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనం కీళ్లవాతం అనే ఈ జబ్బు, మొదలయ్యేది కీలు లోపలి పల్చటి పొరలో. ఎముక కొరుక్కుపోయినట్టు ఎక్స్‌రేలో కనిపించే నాటికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

మరి ఆ పొరలో రాజుకుంటున్నదాన్ని ముందే చూడలేమా? నాకు ఎంతో ఇష్టమైన ఒక పరిశోధన గురించి చెబుతాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రి పరిశోధకులు 2008లో దీన్ని ప్రచురించారు. వాళ్లు వెతికింది మాక్రోఫేజ్ అనే కణాల కోసం. సూక్ష్మజీవుల్ని మింగి మనల్ని కాపాడే కణాలివి. ఈ జబ్బులో మాత్రం సొంత కీలులోనే గుంపులుగా చేరి వాపు పుట్టిస్తాయి. వాటిలో ఎక్కువగా ఉండే ఒక ప్రోటీన్‌కు అతుక్కునే మందు ఉంది. పేరు పీకే 11195. దానికి రేడియోధార్మిక కార్బన్ తగిలించి, నరంలోకి ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడ చేరిందో చూపించే పెట్ స్కాన్ తీశారు. ఆ కార్బన్ 20 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. అందుకే అక్కడే తయారుచేసి వెంటనే ఎక్కించాలి.

వాపు తీవ్రంగా ఉన్న మోకాలిలో ఆ మందు ఎక్కువగా చేరింది. అది ఊహించిందే. ఆశ్చర్యమంతా రెండో మోకాలిలో ఉంది. అదే రోగి, రెండో మోకాలు. డాక్టర్లు పరీక్షించి వాపు లేదన్న మోకాలు. అందులోనూ మందు చేరింది, కీళ్ల వాపు లేనివాళ్ల మోకాళ్లలో కంటే ఎక్కువగా! చేతికి అందని వాపు స్కాన్‌కు అందింది. కొద్దిమంది రోగులతో చేసిన చిన్న పరిశోధనే. అయినా కీళ్లవాతాన్ని చూసే తీరునే ఇది మార్చగలదని నా నమ్మకం.

తర్వాత ఫైబ్రోబ్లాస్ట్ అనే మరో రకం కణాల్ని వెతికే మందులూ వచ్చాయి. అయితే పెట్ స్కాన్ ఖరీదైనది, రేడియేషన్ ఉంటుంది. కీళ్లవాతం కోసం మామూలుగా రాయరు. మన ఊళ్లలో ఎక్కువగా క్యాన్సర్‌కే వాడుతున్నారు.

మరి మనం చేయగలిగింది? ఒక్కటి చెబుతాను. పొద్దున బిగుతు అరగంటకు మించి ఉంటోందా? చేతివేళ్ల కణుపులు కొన్ని వారాలుగా వాచి ఉంటున్నాయా? అయితే ఎక్స్‌రే నార్మల్ అన్నా అక్కడితో ఆగకండి. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ. ఇంటి చాకిరీ వల్లేలే, వయసు వల్లేలే అనుకుంటూ నెలలు గడిపేసే అమ్మలు, అక్కలు మనందరికీ తెలుసు. వాళ్లను రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం లాంటి జబ్బుల నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఈ జబ్బును పసిగట్టడానికి చేసే యాంటీ సీసీపీ రక్తపరీక్ష అవసరమా, పవర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ చేయించాలా అని అడగండి. ఆ అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు. వాచిన పొరలోకి పెరిగిన రక్తప్రవాహం అందులో కనబడుతుంది. తొలి నెలల్లోనే మందు మొదలుపెడితే కీళ్లు పాడవకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ. అందుకే వచ్చే నెల చూద్దాంలే అనకుండా ఈ వారమే వెళ్లండి.