పచ్చడి అయిపోయిందమ్మా

నమస్తే అండీ. ఇంటర్ పిల్లల్ని హాస్టల్లో వేసిన అమ్మానాన్నలతో ఇవాళ మాట్లాడాలి. "ఫోన్ చేస్తే 'బాగానే ఉన్నా' అంటాడు, ఇంకో మాట ఉండదు" అని నాతో చాలామంది తల్లులు బాధపడతారు. మా అబ్బాయీ అంతే.

మాది ఖమ్మం. వాడు అప్పుడు హైదరాబాద్‌లో ఎంపీసీ ఫస్టియర్. ఆదివారం మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్లు. వేపచెట్టు కింద చాప వేసి, క్యారియర్ విప్పి, పులిహోర ఇంకా ప్లేటులో పెట్టకముందే నేను అడిగేదాన్ని: "వీకెండ్ టెస్ట్‌లో ఎన్నొచ్చాయిరా?" నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయేది. చుట్టూ ఏ చాప మీద చూసినా అదే ప్రశ్న. ఫస్టియర్ ఎంపీసీకి అప్పట్లో మొత్తం 470 మార్కులు. 460 దాటినవాళ్ల ఫోటోలు గేటు పక్కనే పెద్ద ఫ్లెక్సీ మీద ఉండేవి. అది చూసి లోపలికొచ్చిన నాకు వేరే మాట తోచేది కాదు. నేను తన కోసం వచ్చానో, మార్కుల కోసం వచ్చానో వాడికి ఆ ఒక్క ప్రశ్నతోనే తెలిసిపోయేది.

ఒకసారి వాడంతట వాడే చెప్పాడు, "అమ్మా, నన్ను కింద సెక్షన్‌కి మార్చారు" అని. నేనేం చేశానో తెలుసా? చెయ్యి కూడా కడుక్కోకుండా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి గొడవపడ్డాను. వాడి కోసమే అనుకున్నాను. మర్నాడు క్లాసులో అందరి ముందూ వాణ్ణి నిలబెట్టి "ఇంటికెళ్లి చాడీలు చెబుతావా" అన్నారట. ఆ తర్వాత రెండు నెలలు వాడు నాకు ఏమీ చెప్పలేదు.

తప్పు నాదే. ఆ సంగతి వాడితోనే అన్నాను, "నిన్ను అడక్కుండా వెళ్లాను నాన్నా, అలా వెళ్లకుండా ఉండాల్సింది" అని. అప్పటి నుంచి వాడేదైనా చెబితే ముందు ఒకటే అడుగుతాను: "ఊరికే వినమంటావా, నన్నేమైనా చేయమంటావా?" పదిసార్లలో తొమ్మిదిసార్లు వినమనే అంటాడు.

ఇక ఫోన్ సంగతి. వార్డెన్ ఫోన్‌లో రెండు నిమిషాలు. పక్కన వార్డెన్, వెనక లైన్లో పదిమంది పిల్లలు. పదహారేళ్ల పిల్లాడు అక్కడ నిలబడి "ఏడుపొస్తోందమ్మా" అని ఎలా అంటాడు? అందుకే మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. "పచ్చడి అయిపోయింది" అంటే, కారణం అడక్కుండా నేను వచ్చేయాలి. వాడిప్పుడు బీటెక్‌లో ఉన్నాడు, వాణ్ణి అడిగే మీకు చెబుతున్నాను.

నిద్ర గురించి కూడా చెప్పాలి. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. రాత్రి త్వరగా నిద్ర పట్టకపోవడం కూడా ఈ వయసులో శరీరంలో వచ్చే మార్పే, బద్ధకం కాదు. వీళ్లనేమో పొద్దున్నే ఐదింటికి లేపుతారు. కలిసినప్పుడు విసుక్కుంటే పొగరనుకోకండి. కాసేపు పడుకోనివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం ఊరికే విని ఊరుకోకూడదు. "నాకు బతకాలని లేదు" అని పిల్లలు ఏ రూపంలో అన్నా, నవ్వుతూ అన్నా సరే, అప్పుడిక పర్మిషన్ అడగొద్దు. వెంటనే వెళ్లండి, దగ్గరే ఉండండి, డాక్టర్‌కి చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఫ్రీ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలూ చేయొచ్చు, మనమూ చేయొచ్చు.

నవంబర్‌లో ఒక రాత్రి ఆ ఫోన్ వచ్చింది. "పచ్చడి అయిపోయిందమ్మా." సీసా ఇచ్చి వారం కాలేదు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. వాడొచ్చి సగం తిని, నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. నేనేమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో! సాయంత్రం నాలుగింటికి బెల్లు కొట్టారు. నేను క్యారియర్ గిన్నెలు సర్దుతుంటే, నేల వైపు చూస్తూ, "అమ్మా, ఫిజిక్స్ నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదే" అన్నాడు.

మళ్లీ చాప పరిచాను.