బండి చేరింది సరే, సరుకు చేరిందా?

(తెర మీద ఫోన్ మ్యాప్. నీలం చుక్క ఒకటి హైదరాబాద్ బేగంబజార్ సందుల్లోకి మెల్లగా మలుపు తిరుగుతుంది.)

కాటేదాన్ గోడౌన్ నుంచి ఒక వ్యాన్ బయల్దేరింది. లోపల సబ్బులు, షాంపూలు, బాడీ స్ప్రేల పెట్టెలు. దిగాల్సింది బేగంబజార్‌లో నాలుగు షాపుల దగ్గర. డిస్ట్రిబ్యూటర్ పొద్దుట్నుంచీ ఫోన్లో ఆ నీలం చుక్కనే చూస్తున్నాడు. చుక్క ప్రతి షాపు దగ్గరా ఆగింది, కదిలింది, తిరిగొచ్చింది. డెలివరీ అయిపోయిందని నిశ్చింతగా ఉన్నాడు. సాయంత్రం ఫోన్ మోగింది.

"రెండు పెట్టెలు తక్కువొచ్చినయి భాయ్."

"బండి మీ షాపు ముందర పావుగంట ఆగింది కదా సేట్?"

"బండి వచ్చింది. పెట్టెలే రాలేదు."

సేట్ చెప్పింది అక్షరాలా నిజం. జీపీఎస్‌కు తెలిసేది బండి సంగతి ఒక్కటే. లోపల ఏముందో, ఏ పెట్టె ఎక్కడ దిగిందో దానికి పట్టదు. ఆ లోటును పూడ్చాలంటే పెట్టెను గుర్తుపట్టే సెన్సర్ ఇంకొకటి కావాలి. ఆ రెండూ చెప్పేవాటిని ఒకే టైము మీద కలిపి చదవాలి. అదెలాగో చూద్దాం.

(గ్రాఫిక్: భూమి, చుట్టూ ఉపగ్రహాలు.)

ముందు జీపీఎస్. ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తామెక్కడున్నాయో, టైమెంతయిందో ఎడతెగకుండా చెబుతూ ఉంటాయి. ఆ సంకేతం వచ్చి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి బండిలోని రిసీవర్ దూరం లెక్కగడుతుంది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే గడియారం ఒక్క మైక్రోసెకను తప్పినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. అందుకే పైన అణు గడియారాలు పెట్టారు. కింద రిసీవర్‌కు కనీసం 4 ఉపగ్రహాలు కనబడాలి. మూడు స్థానం తేల్చడానికి, నాలుగోది రిసీవర్‌లోని చవక గడియారం తప్పును సరిచేయడానికి. ఆకాశం బాగా కనబడే చోట తేడా మామూలుగా అయిదారు మీటర్లే ఉంటుంది. బేగంబజార్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

(దగ్గరి షాట్: అట్టపెట్టె మీద స్టిక్కర్. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే లోపల సన్నని లోహపు తీగ, మధ్యలో ఆవగింజంత చిప్.)

ఇప్పుడు పెట్టె వైపు. ఈ స్టిక్కర్ పేరు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్. కారు అద్దానికి అతికించే ఫాస్టాగ్ కూడా ఈ జాతిదే. ఇందులో బ్యాటరీ ఉండదు. ట్యాగును చదివే పరికరాన్ని రీడర్ అంటారు. అది వదిలే రేడియో తరంగాల నుంచే చిప్ తనకు కావలసిన కాస్త కరెంటు తీసుకుంటుంది. జవాబు చెప్పడానికి సొంతంగా తరంగం పంపే ఓపిక దానికి లేదు. పిల్లలు అద్దం ముక్కతో ఎండను గోడ మీద తళుక్కుమనిపించినట్టు, వచ్చిన తరంగాన్నే తిప్పికొడుతూ, ఆపుతూ తన నంబరు చెబుతుంది. మన దేశంలో దీనికి కేటాయించినవి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ తరంగాలు.

మరి బార్‌కోడ్ ఉందిగా అంటారేమో. బార్‌కోడ్‌ను స్కానర్ కంటితో చూసినట్టు చూడాలి, అదీ ఒక్కొక్కటిగా. అడుగున ఉన్న పెట్టె కావాలంటే పైవన్నీ దించాల్సిందే. ట్యాగుకు ఆ బాధ లేదు. రీడర్ ఒక్క సెకనులో పదుల కొద్దీ ట్యాగులు చదివేస్తుంది, అట్టపెట్టె అడ్డమున్నా సరే.

(షాట్: టోల్ ప్లాజా. గేటు లేస్తుంది.)

ఇక్కడ ఒక తిరకాసు గమనించండి. టోల్‌గేటు దగ్గర రీడర్ కదలదు, కదిలేది ట్యాగు. గేటు ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి జీపీఎస్‌తో పనే లేదు. ట్యాగు కనబడిందంటే బండి అక్కడుందన్నమాట. ఇదే సూత్రంతో 2016లో నవీ ముంబైలోని జేఎన్‌పీటీ పోర్టులో లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ మొదలైంది. భారత ప్రభుత్వ భాగస్వామ్యంలోని సంస్థ, జపాన్ కంపెనీ ఎన్ఈసీ కలిసి పెట్టింది. కంటైనర్‌కు ట్యాగు తగిలిస్తారు. పోర్టు గేట్ల దగ్గర, దారిలో టోల్ ప్లాజాల దగ్గర ఉన్న రీడర్లు దాన్ని చదువుతాయి. తర్వాత విశాఖతో సహా మిగతా కంటైనర్ పోర్టులకూ విస్తరించారు.

కాగితం మీద సరుకునూ బండినీ జోడించడం కూడా మనకు కొత్త కాదు. 50,000 రూపాయలు దాటిన సరుకుకు 2018 నుంచి ఈ-వే బిల్లు అనే జీఎస్టీ పత్రం ఉంది, అందులో బండి నంబరు ఉంటుంది. కానీ రెండు పెట్టెలు పక్క షాపులో దిగిపోతే ఈ-వే బిల్లుకు తెలియదు కదా.

మన వ్యాన్‌లో సంగతి టోల్‌గేటుకు తిరగబడి ఉంటుంది. రీడర్ బండిలోనే ఉంటుంది, సరుకుతో పాటే ప్రయాణం చేస్తుంది. ట్యాగు కనబడిందంటే పెట్టె బండిలో ఉందని మాత్రమే అర్థం. ఎక్కడ అన్నది జీపీఎస్ చెప్పాలి. అందుకే ఇక్కడ రెండూ కావాలి.

(తెర మీద లాగ్ ఒక్కో వరుసగా పడుతుంది.)

11:38, రెండో షాపు గీత లోపలికి బండి వచ్చింది.
11:41, వెనక తలుపు తెరిచారు.
11:44, 6 ట్యాగులు కనబడటం మానేశాయి.
11:52, తలుపు మూశారు.

గీత అంటే మ్యాప్ మీద షాపు చుట్టూ ముందే గీసుకున్న వృత్తం, జియోఫెన్స్. ట్రిప్ షీట్ ప్రకారం ఈ షాపులో దిగాల్సినవి 8. దిగినవి 6. తలుపు మూసిన మరుక్షణమే డ్రైవర్ ఫోన్ మోగుతుంది: "ఇక్కడ దిగాల్సిన 2 షాంపూ పెట్టెలు ఇంకా బండిలోనే ఉన్నాయి." సాయంత్రం రావాల్సిన ఫోను 11:52కే వచ్చిందన్నమాట. హమాలీ మళ్లీ ఎక్కి చూస్తే సబ్బుల పెట్టెల వెనక దొరుకుతాయి. ఒకవేళ ఆ రెండూ మొదటి షాపులోనే దిగిపోయి ఉంటే, అప్పుడే "ఈ పెట్టెలు ఇక్కడివి కావు" అని చెప్పేది.

ఇదంతా జరగాలంటే ముందు గోడౌన్‌లో లోడు ఎక్కించాక బండిలో ఉన్న ట్యాగులను ట్రిప్ షీట్‌తో సరిచూడాలి. అసలు ఎక్కని పెట్టెను దించలేదని డ్రైవర్‌ను తిట్టడం మన ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో మామూలే.

(షాట్: వ్యాన్ లోపలి రేకు గోడలు.)

ఇప్పటిదాకా చెప్పింది డెమోలో బాగా నడుస్తుంది. డెమో పెట్టే సేల్స్ వాళ్లు చెప్పని భాగం ఇది. పెట్టె దిగిందని సెన్సర్ కళ్లారా చూడదు. కనబడటం మానేసింది కాబట్టి దిగి ఉంటుందని ఊహిస్తుంది. కనబడకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. షాంపూలో ఎక్కువ భాగం నీళ్లే, ఈ తరంగాలను నీళ్లు మింగేస్తాయి. బాడీ స్ప్రే డబ్బాల లోహం వాటిని తిప్పికొడుతుంది. ట్యాగు సరిగ్గా డబ్బాకు ఆనుకుని ఉంటే పలకనే పలకదు. వ్యాన్ గోడలు రేకువి కాబట్టి లోపల తరంగాలు అటూ ఇటూ కొట్టుకుని కొన్ని మూలల్లో ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. హమాలీ అడ్డం నిలబడినా చాలు, ఒంట్లో ఉండేది నీళ్లేగా!

అందుకే సరిగ్గా కట్టిన సిస్టమ్ ట్యాగు ఒక్కసారి కనబడలేదని కంగారు పడదు. తలుపు తెరిచి ఉందా, బండి ఆగి ఉందా, బయల్దేరాక కూడా కనబడటం లేదా అని చూసి అప్పుడు తేలుస్తుంది. బండి 40 స్పీడులో పోతుండగా, తలుపు మూసి ఉండగా పెట్టె మాయమైతే అది డెలివరీ కాదు, చదవడంలో తప్పు. రెండు మూలల్లో రెండు యాంటెనాలు పెడతారు. ట్యాగును సీసాలకు దూరంగా, అట్ట పైఅంచున, ఖాళీ ఉన్న చోట అతికిస్తారు. ఖర్చు లేని చిట్కా, కానీ దీనితోనే చాలా మారుతుంది.

ఇక బేగంబజార్. సన్నటి సందు, రెండు వైపులా మేడలు. ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతుంది, చుక్క పక్క వీధిలోకి గెంతుతుంది. పైగా పది అడుగుల వెడల్పు షాపులు వరసగా ఉంటాయి. 50 మీటర్ల గీత గీస్తే అందులో ఎన్ని షాపులు పడతాయో మీరే ఊహించుకోండి. ఇలాంటి చోట సెన్సర్లను నమ్మి ఊరుకోలేం, షాపతను ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాల్సిందే.

అడవి దారిది ఇంకో తంటా. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటితే ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పరికరం వివరాలన్నీ దాచుకుని, సిగ్నల్ దొరికాక ఒక్కసారే పంపుతుంది. సర్వర్ దగ్గర చేరిన టైమును రాసుకుంటే లెక్కంతా తారుమారు. జరిగిన టైమునే రాసుకోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, పొద్దున 6కి తీస్తారు. ఆ సంగతి సిస్టమ్‌కు చెప్పి ఉంచకపోతే రాత్రంతా "బండి అనుమానాస్పదంగా ఆగింది" అని ఓనర్‌కు మెసేజీలు, డ్రైవర్‌కు నిద్ర లేకుండా ఫోన్లు.

(షాట్: డ్రైవర్ టీ తాగుతూ.)

డ్రైవర్లకు వీటి మీద కోపం ఉండటం సహజమే. టీకి ఆగినా లెక్క అడుగుతారని వాళ్ల బాధ. నా మటుకు నేను ఓనర్లకు చెప్పేదేంటంటే, బండి ఎక్కడుందని గంటగంటకూ చూడటం మానేసి, దిగిన పెట్టెల లెక్క మాత్రం చూడండి. ఆ లాగ్ డ్రైవర్‌కూ కనబడనివ్వండి. పెట్టె తగ్గితే జీతంలో కోసే చోట అతనికి ఉన్న సాక్ష్యం అదొక్కటే.

రెండు మూడు బండ్లు ఉన్నవాళ్లయితే రీడర్ల జోలికి ఇప్పుడే పోవద్దు. ప్రతి షాపు దగ్గర ఫోన్ కెమెరాతో బార్‌కోడ్ స్కాన్ చేయించండి. ఫోన్లోనే జీపీఎస్ ఉంది కాబట్టి ఏ పెట్టె, ఎక్కడ, ఎన్నింటికి అన్న మూడూ ఒకే స్కాన్‌లో వచ్చేస్తాయి. ఒక్కో ట్రిప్పులో వందల పెట్టెలు దిగుతూ, స్కాన్ చేసే తీరిక హమాలీలకు దొరకనప్పుడు రీడర్ సంగతి ఆలోచించండి. అమ్మేవాళ్లు వస్తే ఖాళీ అట్టపెట్టెలతో డెమో ఒప్పుకోకండి. మీ షాంపూ పెట్టెలే, మీ రేకు వ్యాన్‌లోనే, నిండా లోడు పెట్టి చూపించమనండి.